మాట పోతే మతి పోయినట్టేనా?

2019 సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. పండక్కి ఉదయగిరి వెళ్లినదాన్ని, ఆ రోజు మధ్యాహ్నం బస్సుకి ఆత్మకూరు తిరిగి రావాలి. పొద్దున ఆరున్నరప్పుడు పెరట్లో తొట్టి దగ్గర నీళ్లు ముంచుతున్న అమ్మ చేతిలోంచి చెంబు జారిపడింది. వంగి తీసుకోబోయింది. చెయ్యి చెంబు దాకా పోయింది గానీ వేళ్లు మూసుకోలేదు.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నాను. ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. మూతి ఎడమపక్కకి లాగేసింది.

అక్కణ్నుంచి తొమ్మిదిన్నర దాకా మా ఇంట్లో జరిగింది తల్చుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే కోపమొస్తుంది. వేడి చేసిందన్నారొకరు. రాత్రి చల్లగాలికి పడుకుందన్నారు ఇంకొకరు. నిమ్మకాయ నీళ్లు పట్టబోతే నోటి పక్కనుంచి కారిపోయాయి. పక్షవాతమని తేలాక మా మేనమామ పావురం కోసం బయల్దేరాడు. కోసి ఆ వెచ్చటి నెత్తురు పూస్తే పడిపోయిన చెయ్యి లేస్తుందట! నేను బీయస్సీ చదివినదాన్ని. బళ్లో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. ఆ నేనే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, వాకిట్లో నిలబడి ఆ పావురం కోసం ఎదురుచూశాను.

చివరికి అరిచింది పక్కింటి ఖాలా. "పావురమేందిరా, మీకేమన్నా పిచ్చా! బండిని పిలవండి ముందు" అని. ఖాలా చదువుకోలేదు. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు చెక్కుతుంది. మా ఊరి చెక్క సామాను గురించి మీరు వినే ఉంటారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వీధుల్లో ఎక్కువగా ఆడవాళ్లే కూర్చుని చెక్కుతారు.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. 108 రావడం, ఆత్మకూరులో ఆగడం, అక్కడ స్కానింగు లేదని మళ్లీ బయల్దేరడం... నెల్లూరులో అమ్మ తలకి సీటీ స్కాన్ తీసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. డాక్టరుగారు ఒకే ప్రశ్న అడిగారు. "ఎన్నింటికి మొదలైంది?" ఆరున్నరకి అన్నాను. ఆయన గోడమీది గడియారం వంక చూశారు. ఏమీ అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది.

ఆ లెక్కేమిటో తర్వాత తెలుసుకున్నాను. మెదడుకి పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే, దాన్ని కరిగించే ఇంజెక్షను ఉంది. మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం కాలేదని రూఢి చేసుకున్నాకే. ఎందుకంటే రక్తం చిట్లి వచ్చిన పక్షవాతానికి అదే మందు విషమవుతుంది. పెద్ద గడ్డయితే తీగ లోపలికి పంపి బయటికి లాగేస్తారు. కొందరికి 24 గంటల దాకా కూడా అది పనికొస్తుందని 2018లో తేలింది గానీ, ఆ సదుపాయం పెద్ద ఆస్పత్రుల్లోనే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్క కట్టారు. మేము పావురం కోసం పోగొట్టుకుంది మూడు గంటలు. ఎన్ని కణాలో మీరే గుణించుకోండి. నేను ఒకసారి గుణించి ఆ కాగితం చింపేశాను.

మంచం చుట్టూ మాటలు

పన్నెండో రోజున అమ్మని ఆత్మకూరు మా ఇంటికి తెచ్చుకున్నాను. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఏమడిగినా "తా... తా..." అనే ఒక్క శబ్దం.

తర్వాత పుస్తకాల్లో చదివితే విచిత్రమనిపించింది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి కూడా ఏమడిగినా "టాన్" అని మాత్రమే అనేవాడట. ఆ ఆస్పత్రిలో అతని పేరే టాన్ అయిపోయింది. అతను చనిపోయాక మెదడు పరీక్షిస్తే, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. మాటకి మెదడులో ఒక చోటుందని లోకానికి తెలిసింది అలాగే. కుడి చెయ్యీ మాటా కలిసి పోతుంటాయి ఎందుకంటే, రెండింటినీ నడిపేది ఎడమ మెదడే. ఈ మాట పోవడాన్ని డాక్టర్లు అఫేసియా అంటారు.

బళ్లో జీతం లేని సెలవు పెట్టాను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, పడకపుండ్లు రాకుండా వీపు చూసుకోవడం, నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో జావ పట్టడం. పడుకున్న మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆస్పత్రిలో నర్సమ్మ పదిసార్లు చెప్పి పంపింది. ఫిజియోథెరపీ అబ్బాయి మొదటి రోజే ఇంకో మాట చెప్పాడు. "మేడం, పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగొద్దు. భుజం కీలు జారిపోద్ది." ఆ ముందురోజు దాకా మేం చేస్తున్నది అదే!

చాకిరీ కష్టం కాదు. నాకు కష్టమనిపించింది వేరే ఉంది. చూడ్డానికొచ్చిన వాళ్లంతా మంచం పక్కనే కూర్చుని అమ్మ గురించి మాట్లాడేవాళ్లు. "ఇట్ట బతికేకంటే..." అని ఒకావిడ. "మడిసిని గుర్తుపడతందా?" అని ఇంకొకావిడ. అమ్మ వాళ్లవంక చూస్తూనే ఉండేది. నేనూ తక్కువదాన్ని కాదు. చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడేదాన్ని. అమ్మకి చెవుడు రాలేదు కదా!

రెండో నెలలో నెల్లూరులో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. కాగితాలు నింపుతూ అడిగింది. "అమ్మగారికి ఎన్ని భాషలొచ్చు?"

"ఒక్క తెలుగేనండీ. అయిదో తరగతి దాకా చదివింది" అన్నాను.

ఆ జవాబు ఎంత తప్పో నాకు తెలియడానికి ఇంకో పదిరోజులు పట్టింది.

ఒక్క మాట

ఆస్పత్రి ఖర్చు అప్పయింది. అన్న, మేనమామ ఒక ఆదివారం ఆత్మకూరు వచ్చారు. ఉదయగిరి ఇల్లు అమ్మ పేరున ఉంది. అమ్మేస్తే అప్పు తీరుతుంది. ఇక అక్కడ ఎవరుంటారు అని అన్న ఆలోచన. అన్న చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్తున్నాను. వడ్డీ కడుతున్నది వాడే.

"సంతకం ఎట్టా చేయలేదు గదా. ఏలిముద్ర ఏయిస్తే సరి" అన్నాడు మామ. "దానికిప్పుడేం తెలుస్తాది పాపం."

మంచం మీద అమ్మ ఎడమచేతిలో చెక్క చెంచా ఉంది. ఖాలా చెక్కి పంపిన చెంచా అది. పిడి లావుగా, పట్టు చిక్కేట్టు చేసింది. అమ్మ ఆ చెంచాతో మంచం కోడుమీద టక్ మని కొట్టింది. అందరం తిరిగి చూశాం. రెండున్నర నెలల్లో మొదటిసారి అమ్మ నోట్లోంచి మాటొచ్చింది.

"నక్కో!"

ఉదయగిరి వాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి చెప్తున్నాను. మన వైపు ఉర్దూలో నక్కో అంటే వద్దు అని.

అమ్మ పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అంతా ఆ వీధిలోనే. కొండమీద గుళ్లూ మసీదులూ పక్కపక్కనే ఉన్న ఊరది. ఖాలా, అమ్మ చిన్నప్పుడు ఒకే అరుగుమీద అచ్చనగాయలాడారు. కూరగాయల బేరం దగ్గర్నుంచి కాన్పు నొప్పుల దాకా వాళ్లిద్దరూ మాట్లాడుకుంది ఉర్దూలోనే. యాభై ఏళ్లుగా రోజూ మాట్లాడిన భాషని, "అమ్మకి ఎన్ని భాషలొచ్చు" అంటే నేను లెక్కలోకి తీసుకోలేదు. బళ్లో నేర్చుకుంటేనే భాష అనుకున్నాను. ఇంట్లో ఆడవాళ్లకి తెలిసిన విద్యలు చాలావాటికి ఇదే గతి కదూ!

నెల్లూరు వెళ్లి స్పీచ్ థెరపిస్టుకి ఈ సంగతి చెప్తే ఆ అమ్మాయి నవ్వి, ముందు నా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. "ఒక్క మాట చూసి ఉర్దూ మిగిలింది, తెలుగు పోయింది అనుకోవద్దండి. కోపంలో, భయంలో అలవాటు మాటలు వాటంతటవే వస్తాయి. తిట్లు, అంకెలు, వారాల పేర్లు, పాటలు కూడా అంతే" అంది. ఏ భాష ముందు తిరిగొస్తుందన్నది పాత తగువేనట. మొదట నేర్చిందే ముందొస్తుందని రిబో అనే ఫ్రెంచి పండితుడు అన్నాడు. కాదు, జబ్బుకి ముందు ఎక్కువగా వాడినదే వస్తుందని 1895లో పిత్ర్ అనే వైద్యుడు అన్నాడు. ఎక్కువమందిలో రెండూ కలిసే కోలుకుంటాయని తర్వాతివాళ్లు చెప్పారు.

ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పిన పేరు డాక్టర్ సువర్ణ అల్లాడి.

నిమ్స్‌లో 608 మంది

సువర్ణగారు న్యూరాలజిస్టు. హైదరాబాద్ నిమ్స్‌లో ప్రొఫెసర్‌గా చాలాకాలం పనిచేసి, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్లారు. మతిమరుపు జబ్బులు, పక్షవాతం తర్వాత తెలివితేటల్లో వచ్చే మార్పులు ఆవిడ పరిశోధన. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి థామస్ బాక్, ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పిన దుగ్గిరాల వసంత, నిమ్స్‌లో పక్షవాతం విభాగాన్ని పెంచిన సుభాష్ కౌల్ వంటివాళ్లు ఆవిడతో కలిసి పనిచేశారు.

హైదరాబాద్ ఇలాంటి పరిశోధనకి పుట్టినిల్లు లాంటిది. విదేశాల్లో రెండు భాషలు వచ్చినవాళ్లంటే తరచూ వలస వచ్చినవాళ్లే. వాళ్ల మెదడులో తేడా కనిపిస్తే అది భాషవల్లో, వలసవల్లో తేల్చడం కష్టం. మన దగ్గర అట్లా కాదు. పుట్టిన ఊళ్లోనే తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, చదువులేనివాళ్లలో కూడా బోలెడంతమంది. రిక్షా తొక్కేవాళ్లు, గాజులమ్మేవాళ్లు... మా అమ్మ, ఖాలా లాంటివాళ్లు.

2013లో వాళ్లు మతిమరుపు జబ్బున్న 648 మంది వివరాలు చూశారు. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. అంటే ఇది బడి మహిమ కాదన్నమాట! మూడు, నాలుగు భాషలొస్తే ఇంకా లాభమా అంటే, అదేం కనిపించలేదు.

నాకు కావలసిన కబురు రెండో పరిశోధనలో ఉంది. 2006 నుంచి 2013 దాకా నిమ్స్‌లో నమోదైన 608 మంది పక్షవాతం రోగుల్ని తీసుకున్నారు. పక్షవాతం వచ్చిన తర్వాత జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం. ఒకే భాషవాళ్లలో 19.6 శాతమే. రెట్టింపు! వయసు, చదువు, ఉద్యోగం, బీపీ, షుగరు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. రోజంతా ఒక భాషని ఆపి ఇంకో భాషని ముందుకు తెచ్చే మెదడుకి అదొక సాధన అనీ, దెబ్బ తగిలినప్పుడు ఆ సాధన ఆదుకుంటుందనీ వాళ్ల అభిప్రాయం.

మాట పోవడం మాత్రం? అందులో తేడా లేదు. రెండు గుంపుల్లోనూ పదకొండు శాతం అటూఇటూగా మాట పోయింది. రెండు భాషలొచ్చినంత మాత్రాన నోరు కాపాడబడలేదు. మాటపోయిన వాళ్లనే చూసిన మరో పరిశోధనలో, రెండు భాషలవాళ్లకి ఆ ఇబ్బంది తీవ్రత కాస్త తక్కువని తర్వాత రాశారు.

ఇది వినగానే ఉర్దూ నేర్చుకుంటే పక్షవాతం రాదని ఎవరూ పరుగెత్తకండి. ఇది ఒక ఆస్పత్రికి వచ్చిన రోగుల లెక్క. రెండు భాషల లాభం గురించి వేరే దేశాల్లో చేసిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు, వాదాలింకా నడుస్తూనే ఉన్నాయి. పక్షవాతాన్ని ఆపేది బీపీ మాత్రే. మూడు పూటలా ఊరగాయ కలుపుకుని, బీపీ మాత్ర "తల తిరిగినప్పుడు" వేసుకునే అలవాటు మా అమ్మకీ ఉండేది.

నాకు ఆ లెక్కల్లో పట్టుకున్నది వేరు. మాట ఒక గంపలో, తెలివి ఇంకో గంపలో వేసి తూచారు వాళ్లు. ఒకటి ఒలికిపోయినా రెండోది నిండుగా ఉండొచ్చు. మేం రెండున్నర నెలలుగా ఆ రెండింటినీ ఒకటే అనుకుని, అమ్మ ముందరే అమ్మ ఇంటిని బేరం పెట్టాం.

తెలివి ఉందో లేదో చూసే పరీక్షల్లో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. ఇంగ్లీషు దేశాల్లో తయారైన పరీక్షలో వాక్యం రాయమంటారు, నూట్లోంచి ఏడు తీసెయ్యమంటారు. పలకా బలపం పట్టనావిడ తప్పితే అది మెదడు తప్పా, పరీక్ష తప్పా? ఇలాంటి పరీక్షల్ని మన భాషలకి, మన మనుషులకి సరిపడేలా మలచడంలో సువర్ణగారి బృందం చాలా ఏళ్లు పనిచేసింది. భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళాల్లో పరీక్షలు తయారుచేయించినప్పుడూ ఆ పనిలో ఆవిడున్నారు.

ఇంటివాళ్లంటే ఎవరండీ?

ఇంకో పరిశోధన గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. పక్షవాతం రోగికి ఇంట్లోవాళ్లే వ్యాయామాలు చేయించేట్టు నేర్పిస్తే ఎలా ఉంటుందని మన దేశంలో 14 ఆస్పత్రుల్లో 1250 మందితో పరీక్షించారు. లూధియానా డాక్టర్ జయరాజ్ పాండియన్, ఆస్ట్రేలియా నుంచి రిచర్డ్ లిండ్లీ వగైరాలు చేశారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, నేర్పించిన ఇళ్లలోనూ నేర్పించని ఇళ్లలోనూ చనిపోయినవాళ్లు, ఇంకొకరిమీద ఆధారపడినవాళ్లు కలిపి 47 శాతమే. తేడా లేదు.

ఇది చదివి నేను ఏడ్చాను. బాధతో కాదు. "నువ్వింకా సరిగ్గా చేయించుంటే మీ అమ్మ లేచి నడిచేది" అని ఒక బంధువు అన్నమాట అప్పటిదాకా నాలో ముల్లులా ఉంది. ఇంట్లోవాళ్లకి కాగితం చేతికిచ్చి పంపేస్తే సరిపోదని 1250 ఇళ్ల అనుభవం చెప్తోంది కదా! అంతమాత్రాన వ్యాయామం దండగని కాదు. ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఆత్మకూరు, ఉదయగిరి లాంటి చోట్లకి అందాలి. వారానికి మూడురోజులు వచ్చే అబ్బాయికిచ్చిన డబ్బు, నెల్లూరు కారు ఖర్చు నా దగ్గర ఇప్పటికీ డైరీలో రాసుంది. నా జీతం పోవడం మాత్రం ఏ లెక్కలోనూ రాయలేదు. ఇంటివాళ్లంటే ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది దిగులు జబ్బులో పడతారట. చూసుకునేవాళ్ల సంగతి ఎవరూ అడగరు. నన్ను ఖాలా అడిగింది. నెలకోసారి బస్సెక్కి ఆత్మకూరు వచ్చేది. "నువ్వు పోయి పండుకో. మేం మాట్లాడుకుంటాం" అని నన్ను గదిలోంచి తరిమేది. మాటరాని మనిషితో ఏం మాట్లాడుతుంది? గంటసేపు ఒక్కతే మాట్లాడేది. మధ్యలో ఆగి, అమ్మ జవాబు కోసం ఎదురుచూసేది. పది లెక్కపెట్టేంతసేపు. స్పీచ్ థెరపిస్టు నాకు నేర్పబోయింది అదే. తొందరపడి మాట అందించొద్దు, ఆగండి అని. ఖాలాకి ఎవరూ నేర్పలేదు.

ఇల్లు అమ్మలేదు. నేను ఒక అట్టముక్కమీద ఇల్లు, డబ్బు, తాళం, అద్దెకుండే మనుషులు బొమ్మలు వేసి అమ్మ ముందు పెట్టాను. అన్న ఎదుటే అడిగాను. అమ్మ వేలు తాళం మీద పెట్టి, తల అడ్డంగా ఊపి, అద్దె మనుషుల బొమ్మ చూపించింది. ఇంకో రెండుసార్లు బొమ్మలు తారుమారు చేసి అడిగినా అదే చూపించింది. అన్న తల వంచుకుని బయటికెళ్లి, కాసేపటికొచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు ముందుభాగం అద్దెకిచ్చాం. అద్దె అమ్మ ఖాతాలోకి పోతుంది. ఎడమచేత్తో సంతకం నేర్చుకుంది. వంకరగా ఉంటుంది గానీ బ్యాంకువాళ్లు ఒప్పుకున్నారు.

చేతికర్రతో వసారాదాకా నడుస్తుంది. కుడిచెయ్యి రాలేదు, ఇక రాదేమో. మాటలు మాత్రం ఒకటొకటిగా వచ్చాయి, తెలుగూ ఉర్దూ కలగాపులగంగా. ఒకే వాక్యంలో నీళ్లు, పానీ రెండూ దొర్లుతాయి. మూడు మాటలకి మించి కూడదు. "ఈ" అనబోయి "ఆ" అంటుంది, తనే విసుక్కుంటుంది.

శనివారం సాయంత్రం ఖాలా ఫోన్ చేస్తుంది. అమ్మ ఫోన్ ఎడమచెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటుంది. మధ్యలో ఒక మాట అంటుంది. అవతల ఖాలా పకపకా నవ్వడం నాకు వంటింట్లోకి వినపడుతుంది. మొన్న ఇద్దరూ ఒకటే నవ్వు. నాకు ఉర్దూ సగమే అర్థమవుతుంది. అమ్మ ఫోన్ పెట్టేశాక ఆపుకోలేక అడిగాను. "ఏందమ్మా, ఏమంటది ఖాలా?"

అమ్మ నావంక చూసింది. మాట కోసం వెతుక్కుంది. నేను పది లెక్కపెట్టాను.

"నీకెందుకు!" అంది, తేటగా.